డ్రిల్లుకి ఉద్వాసన

ఆ రోజుకి స్టోరు కీపరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్న ఏడింటికి ఇంగ్లీషు క్లాసు, ఎనిమిదిన్నరకి డ్యూటీ, మధ్యాహ్నంలోపు కలిసిపోయిన మరలని సైజులవారీగా డబ్బాల్లోకి వేరుచెయ్యడం. అంతే. కానీ ఆయన ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. కూర్చుంటే కాలు ఆడుతుంది, కాలు ఆగితే వేళ్ళు బల్లమీద దరువేస్తాయి. యాభై దాటాక ఇంగ్లీషు మొదలుపెట్టడానికి కూడా ఆ అస్థిమితమే కారణం. వాళ్ళ చెక్కసామాన్ల ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన మేనేజరు నోటీసులన్నీ ఇంగ్లీషులో అంటిస్తోంది. వాటిని చదివి చెప్పగలిగినవాడికే సూపర్‌వైజరు కుర్చీ ఇస్తారని ఆయనకెవరూ చెప్పలేదు. తనే అనుకున్నాడు.

ఆ పూట క్లాసులో పాఠం ఒకే మాటకుండే నానార్థాలు. టీచరు బోర్డు మీద "ఫైర్" అని రాసి, నిప్పొక్కటే కాదు, తుపాకీ పేల్చడమూ ఫైరే, మనిషిని ఉద్యోగంలోంచి పీకెయ్యడమూ ఫైరే అంది. "లీవ్" అంటే సెలవు, వెళ్ళిపోవడం, వదిలెయ్యడం. స్టోరు కీపరుకి ప్రాణం లేచొచ్చింది. ఒక మాట కంఠస్థం చేస్తే మూడు మాటలు వచ్చినట్టే కదా. ఏ అర్థం ఎక్కడ పనికొస్తుందో పక్క మాటని చూసి తేల్చుకోవాలని టీచరు చెప్పబోయేసరికి, ఆయన గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు.

ఫ్యాక్టరీ చేరేసరికి నోటీసు బోర్డు ముందు జనం. పాలిష్ మేస్త్రి ఆయన్ని చెయ్యి పట్టుకుని ముందుకి లాగాడు. కాగితం మీద నాలుగే ముక్కలున్నాయి. ఫైర్ డ్రిల్, పదకొండు గంటలకి. ఆల్ స్టాఫ్ మస్ట్ లీవ్. క్యారీ నథింగ్. అసెంబుల్ ఇన్ ద యార్డ్.

స్టోరు కీపరు ఒకసారి చదివాడు. రెండోసారి చదివాడు. మూడోసారికి అంతా అర్థమైపోయింది. ఆ ఫ్యాక్టరీలో డ్రిల్లంటే ఒకటే, కన్నాలు పెట్టే మెషిను. దాన్ని నడిపే మనిషిని కూడా పద్నాలుగేళ్ళుగా అందరూ డ్రిల్లనే పిలుస్తారు. ఆ డ్రిల్లు ఎవరో కాదు, స్వయానా తన భార్య తమ్ముడు. మెషినుని నిప్పులో వెయ్యరు. కాబట్టి పీకేసేది మనిషినే. అందరూ అతన్ని వదిలెయ్యాలిట, ఎవరూ వెనకేసుకు రాకూడదన్నమాట. వెళ్ళేటప్పుడు ఏమీ పట్టుకుపోకూడదు. ఇక అసెంబుల్ అంటే తెలియనివాడు ఆ ఫ్యాక్టరీలో లేడు, ముక్కలు తెచ్చి బిగించడం. అంటే కొత్త మెషిను వస్తోంది, దాన్ని యార్డులో బిగిస్తారు. అన్నీ అతికినట్టు సరిపోయాయి.

"ఏం రాశారన్నా?" అని మేస్త్రి అడిగితే, ఏదో శుభ్రత గురించి అని చెప్పి ఆయన స్టోరులోకి వెళ్ళిపోయాడు. కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఎనిమిది మరలు వేరుచేశాడు, తొమ్మిదోది చేతిలోనే ఉండగా లేచి మేస్త్రి దగ్గరికి వెళ్ళి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని అంతా చెప్పేశాడు. మేస్త్రి కూడా ఒట్టు వేయించుకునే చెప్పాడు, ఒక్కొక్కరి చేతా విడివిడిగా. ఆ తరవాత స్టోరు కీపరు ఇంట్లో భార్యకి ఫోన్ చేసి, "నువ్వు మాత్రం కంగారుపడకు" అని మొదలుపెట్టాడు. దాంతో ఆవిడ కంగారుపడి, విషయం సగం విని, తాళం వేసి బయల్దేరింది.

పదయ్యేసరికి డ్రిల్లుకి తప్ప అందరికీ తెలిసిపోయింది. ఎన్నడూ లేనిది ఒకాయన అతనికి టీ తెచ్చిచ్చాడు. రెండేళ్ళుగా మాటల్లేని రంపం ఆపరేటరు దగ్గరికొచ్చి భుజం తట్టి వెళ్ళిపోయాడు. కుర్చీకాళ్ళు మోసుకొచ్చే మనిషి వాటిని నెమ్మదిగా, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు కిందపెట్టాడు. డ్రిల్లుకి అనుమానం వచ్చింది. మెషిను ఆపి స్టోరులోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"బావా, నిజం చెప్పు. పోయిన వారం అందరికీ రక్తపరీక్షలు చేశారుగా. నా దాంట్లో ఏం తేలింది?"

"రక్తం కాదురా. ఉద్యోగం. పదకొండింటికి నిన్ను తీసేస్తున్నారు."

"అమ్మయ్య," అన్నాడు డ్రిల్లు. ఆ అమ్మయ్య ఒక్క ఊపిరి తీసేంతసేపు నిలిచింది. తరవాత అతను మరల బస్తా మీద కూర్చుండిపోయాడు. పద్నాలుగేళ్ళలో ఒక్క కన్నం వంకర పెట్టలేదన్నాడు. తన మెషిను దగ్గరికి వెళ్ళి, గుడ్డ తీసుకుని, చెక్కపొట్టంతా తుడిచి, కన్నాలు పెట్టే బిట్లన్నిటినీ చిన్నదాని పక్కన పెద్దది వచ్చేలా వరసగా పేర్చాడు. అది చూసి మేస్త్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. పదకొండింటికి అందరం అతనితోపాటే బయటికి నడుద్దాం, మేనేజరు వచ్చి మాట్లాడేదాకా లోపల అడుగుపెట్టొద్దు అని అక్కడికక్కడే తీర్మానించారు. డ్రిల్లు మాత్రం, వాళ్ళు పొమ్మనేలోపు తనే పోతానని కాగితం ఇస్తానన్నాడు. దాన్ని ఇంగ్లీషులో రాసే బాధ్యత ఎవరిదో అడగనక్కర్లేదు.

స్టోరు కీపరు రెండు కాగితాలు చించి మూడోదాని మీద నిలబడే రాశాడు. "ఐ లీవ్ బిఫోర్ ఫైర్. ఆల్ స్టాఫ్ ఆల్సో లీవ్ విత్ మీ." కింద డ్రిల్లు సంతకం. దాన్ని స్టోరు కీపరే తీసుకెళ్ళి మేనేజరు బల్లమీద పెట్టి, వానలో తడిసిన కోడిలా నిలబడ్డాడు. ఆవిడ చదివింది. ముఖం విప్పారింది.

"ఇంత బాధ్యతగా ముందే రాసిచ్చినవాళ్ళని నేనెక్కడా చూడలేదు," అంది. "అందరికంటే ముందు ఆయన్నే నడవమనండి. మిగతావాళ్ళు వెనకే రండి."

స్టోరు కీపరు బయటికొచ్చాడు. మనిషి అన్నం ముద్ద లాగేస్తూ ఇంత ఆప్యాయంగా నవ్వేవాళ్ళుంటారా? బుర్రలో సందేహం జెర్రిలా పాకింది. అప్పటికి పదకొండుకి నాలుగు నిమిషాలే ఉన్నాయి. అందరూ పనిముట్లు కిందపెట్టి సిద్ధంగా ఉన్నారు. ఆయన వాళ్ళని దాటుకుని స్టోరులోకి దూరి, అలమర వెనకున్న డిక్షనరీ తీశాడు.

సైరన్ మోగింది. ఎవరు మోగించారని ఎవరూ అడగలేదు. పదకొండైంది, అంతే. డ్రిల్లు తలెత్తుకుని ముందు నడిచాడు. వెనక మేస్త్రి, అతని వెనక అందరూ, ఒట్టి చేతులతో, ఒకరినొకరు తోసుకోకుండా, మాట్లాడకుండా. యార్డులో బారులు తీరి పళ్ళు బిగించి నిలబడ్డారు. అక్కడ ఒక ఫైర్ ఆఫీసరు చేతిలో గడియారం పట్టుకుని ఉన్నాడు.

"యాభై రెండు సెకన్లు," అన్నాడాయన. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇంత క్రమశిక్షణ చూడలేదని మేనేజరుతో అన్నాడు. ఆవిడ గర్వంగా డ్రిల్లుని చూపించి, రేపట్నుంచి ఈయనే భద్రతకి ఇన్‌ఛార్జ్, సూపర్‌వైజరు హోదా అంది. సరిగ్గా అప్పుడే గేటులోంచి స్టోరు కీపరు భార్య రొప్పుతూ వచ్చి పడింది.

"మా తమ్ముణ్ణి ఎందుకు తీసేశారమ్మా?"

"తీసెయ్యడమేమిటండీ? ఇప్పుడేగా ప్రమోషనిచ్చాను."

విషయం విడమర్చుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది. నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో నేర్పే అభ్యాసమే ఫైర్ డ్రిల్లట, యార్డులో అసెంబుల్ అంటే వచ్చి గుమిగూడడమట. నోటీసు చదివి చెప్పిందెవరని మేనేజరు అడిగింది. అందరూ స్టోరు కీపరు కోసం వెనక్కి తిరిగి చూశారు. ఫైర్ ఆఫీసరు ఒక్కొక్క తలా లెక్కపెట్టాడు. జాబితాలో నలభై నాలుగు పేర్లు, యార్డులో నలభై మూడు తలలు. ఆయన లోపలికి వెళ్ళి, వేలు ఇంకా డిక్షనరీ పేజీలోనే ఇరుక్కుని ఉన్న స్టోరు కీపరుని మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"డ్రిల్లంటే కవాతు, అభ్యాసం అని కూడా ఉందండీ," అన్నాడు స్టోరు కీపరు, ఎవరూ అడక్కుండానే.

ఆఫీసరు జాబితాలో ఆయన పేరుకెదురుగా గీత గీశాడు. "మీరు పోయారండీ."

"నేనెక్కడికీ పోలేదండీ. లోపలే ఉన్నాను."

"లోపలే ఉన్నారు కాబట్టే పోయారు."

స్టోరు కీపరు ఆ మాటని అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకున్నాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో, పక్కనున్న తమ్ముడికి కూడా తెలియలేదు.

సాయంత్రం బోర్డు మీద అంటించిన రిపోర్టు ఈసారి తెలుగులోనే ఉంది కాబట్టి, దాని చివరి గడిని చదివిపెట్టమని ఎవరూ ఆయన్ని అడగలేదు: మృతులు, ఒకరు.