గులాబీ రంగు ఉద్యోగం

పెద్ద అడవే అది. అందులో ఒక ఏరు సోమవారం ఎర్రగా, మంగళవారం పచ్చగా పారేది. ఎగువన వరహాలు అనే అడవిపంది పెట్టిన రంగుల ఫ్యాక్టరీ ఆ రోజు ఏ రంగు కలిపితే ఏటికి ఆ రంగు.

ఏట్లో ఉండే నీటికుక్కలకు ఒళ్ళంతా పుండ్లు లేచాయి. వెళ్ళి సింహం రాజుగారి దగ్గర మొత్తుకున్నాయి.

రాజుగారు బాగా ఆలోచించి, "ఇకపై ప్రతి ఫ్యాక్టరీలో నీళ్ళు పరీక్షించే టెక్నీషియన్ ఉండాలి. చదువుకున్నవాళ్ళే ఉండాలి" అని ఉత్తర్వు వేశారు.

మర్నాటికల్లా నక్క జంబుకరావు కెమికల్ టెక్నాలజీ కాలేజీ తెరిచాడు. తల్లి వీపు మీది పుండ్లు చూడలేక, జలజ అనే నీటికుక్క పిల్ల అందరికంటే ముందు వచ్చి చేరింది.

కాలేజీలో ల్యాబు ఉంది. ల్యాబులో బీరువా ఉంది. గాజు సామానంతా బీరువాలో ఉంది. బీరువాకు తాళం ఉంది.

"సార్, ఒక్కసారి బ్యూరెట్ పట్టుకుని చూస్తానండీ" అంది జలజ.

"పగిలితే? బయటినుంచి చూడమ్మా. బాగానే కనిపిస్తుందిగా" అన్నాడు జంబుకరావు.

నీళ్ళలో పులుపు ఎంతుందో తేల్చే పరీక్షను జలజ బోర్డు మీదే నేర్చుకుంది. రంగు చూపే మందు కలిపిన నీళ్ళున్న గాజు కుప్పెలోకి, బ్యూరెట్ అనే సన్నటి గాజు గొట్టంలోంచి సున్నపుతేట చుక్కచుక్కగా వదలాలి. కుప్పెలోని నీళ్ళు గులాబీ రంగుకు తిరిగితే పులుపు విరిగినట్టు. ఎంత తేట పడితే అంత పులుపు ఉన్నట్టు.

ఫైనల్ ప్రాక్టికల్స్‌కు పరీక్షాధికారిగా కొంగ వచ్చింది. జంబుకరావు ఆ ఒక్క పూటకూ బీరువా తెరిచి, ల్యాబ్ అటెండర్ రంగనాయకులును కుప్పె వెనకాల కూర్చోబెట్టాడు. రంగనాయకులు ఊసరవెల్లి. ఎవరు ఒక చుక్క వదిలినా అతను గులాబీ రంగుకు తిరిగేవాడు. గాజులోంచి చూస్తే నీళ్ళే తిరిగినట్టుండేది. కొంగ ఒంటికాలి మీద నిలబడి అందరికీ ఫస్టు క్లాసు ఇచ్చింది.

"నాకు ఆకుపచ్చంటేనే ఇష్టమమ్మా. ఉద్యోగం గులాబీ, ఏం చేస్తాం" అన్నాడు రంగనాయకులు, జలజతో.

వరహాలు ఆ కాలేజీ నుంచే టెక్నీషియన్ కావాలని అడిగి మరీ జలజను తీసుకున్నాడు.

మొదటిరోజు జలజ బ్యూరెట్ మర తిప్పింది. తేటంతా జర్రున ఒక్కసారే కారిపోయింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా వదలక, పారబోస్తూ, మళ్ళీ నింపుతూ, సాయంత్రానికి చుక్కచుక్కగా వదలడం పట్టుబడింది. అప్పుడు ఫ్యాక్టరీ నీళ్ళు పెట్టింది. ఒక బ్యూరెట్ అయిపోయింది, రెండోదీ అయిపోయింది. నీళ్ళు రంగు తిరగలేదు.

"ఇవి నీళ్ళు కావు సార్, ఆమ్లం. మా అమ్మ ఇందులోనే ఉంటోంది" అంది.

"ఒక్క చుక్కకే తిరగాలని కాలేజీలో చెప్పలేదా?" అడిగాడు వరహాలు. "నీకు అనుభవం చాలదమ్మా."

జలజ ఉద్యోగం పోయింది. ఆ సీట్లోకి సీనియర్ టెక్నీషియన్‌గా రంగనాయకులు వచ్చాడు. ఏటి నీరు అమృతమని తేలి, సర్టిఫికెట్ తయారైంది. ఆ కాగితం మీద జంబుకరావు కూడా సంతకం పెట్టాడు.

రాజుగారు పొంగిపోయి వరహాలుకూ జంబుకరావుకూ సన్మానసభ పెట్టించారు. ఫ్యాక్టరీ తూము దగ్గర పట్టిన నీళ్ళు రెండు వెండి చెంబుల్లో తెప్పించారు.

"ఇంత మంచి నీళ్ళు ముందు మీరిద్దరే తాగాలి" అన్నారు.

వరహాలు జంబుకరావు వంక చూశాడు. జంబుకరావు రంగనాయకులు వంక చూశాడు. రంగనాయకులు తెల్లబోయాడు. ఎవరూ చెప్పకుండా అతను రంగు మారడం అదే మొదటిసారి.

"తాగండి, సర్టిఫికెట్ ఉందిగా" అన్నారు రాజుగారు.

జంబుకరావు తన సంతకం చూసుకుని, ధైర్యం తెచ్చుకుని తాగేశాడు. వెనకే వరహాలూ తాగాడు.

నక్కకు గొంతు పోయింది. పంది నెలల తరబడి గంజి తప్ప ఏమీ మింగలేకపోయింది. రాజుగారు విచారణ సంఘం వేశారు. అడవిలో చదువుకున్న టెక్నీషియన్లు చాలరనీ, అర్జెంటుగా ఇంకో రెండు కాలేజీలు కావాలనీ సంఘం తేల్చింది. మాట రాదు గనక ఎవరికీ ఎదురు చెప్పడన్న నమ్మకంతో వాటికి జంబుకరావునే డైరెక్టరుగా వేశారు.

జలజ మాత్రం తల్లినీ, తమవాళ్ళనూ వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి ఎగువనున్న మడుగుకు నడిచింది. అక్కడి నీళ్ళు పరీక్షించి చూసుకుని, "ఇక దిగండి" అంది.

నీతి: చదువు రానివాడు నీళ్ళు చూసి తాగుతాడు, చదువు చెప్పేవాడు సర్టిఫికెట్ చూసి తాగుతాడు.