పదకొండు పళ్ల చక్రం

మెట్టపాలెంలో ఒక మనిషి బతుకులో ఇంకా ఎన్ని ఎత్తులు ఎక్కాల్సి ఉందో మునిసిపాలిటీవారే కొలిచి పత్రం ఇస్తారు. ఆ పత్రం చూపిస్తే గాని ఏ దుకాణంలోనూ సైకిలుకి గేర్లు అమ్మరు. ఇందులో వింతేమీ లేదు. ఎక్కాల్సిన ఎత్తులు లేనివాళ్లు కూడా పెద్ద గేర్లు కొనుక్కుపోతూంటే నిజంగా అవసరమైనవాళ్లకి దొరకడం లేదని ఎప్పుడో తీర్మానం చేశారు, అప్పట్నించీ అదే నడుస్తోంది. జనం ఆ పత్రాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో పట్టుచీరల కింద దాచుకుంటారు.

సైకిలు వెనక బిగించే పళ్లచక్రం ఎంత పెద్దదైతే ఎత్తు ఎక్కడం అంత సులువు. అందుకని గోడకి ఆనించిన సైకిలు వెనక భాగం చూస్తే చాలు, దాని యజమాని ముందు ఏముందో ఊరంతటికీ తెలిసిపోతుంది. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు గుమ్మం పక్కన వంగి పళ్లు లెక్కపెట్టుకున్నాకే చెప్పులు విడుస్తారు. నలభై రెండు పళ్లవాడంటే ఇంకా చాలా కష్టపడతాడు, చాలా కాలం ఉంటాడు అని అర్థం. పదహారు పళ్లవాడితో ఎవరూ గొడవ పెట్టుకోరు. కిరాణా కొట్లో ముందు అతని సరుకులు కట్టి, జాగ్రత్తగా వెళ్లమని చెప్పి పంపేస్తారు.

గొర్లె తవిటినాయుడు అక్కడి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వానలు వెనకబట్టాక తడి పొలాల్లో ఏటా జరిగే సైక్లోక్రాస్ పోటీని, అంటే ఊళ్లోవాళ్లు బురద పందెం అనేదాన్ని, పదకొండేళ్లుగా ఈల ఊది నడిపించింది ఆయనే. పందెం చివర రిజర్వాయరు గట్టు ఉంటుంది. ముప్పై అడుగుల ఎత్తు, జారుడు మట్టి. కాళ్లలో బలం ఉన్నవాళ్లు తొక్కుకుంటూ ఎక్కుతారు, లేనివాళ్లు సైకిలు భుజాన వేసుకుని ఎక్కుతారు. తవిటినాయుడు పదకొండేళ్లూ గట్టు మీద నిలబడి, ఎగశ్వాసతో పైకి వచ్చినవాళ్ల మొహాలు చూశాడు. ఆ మొహాల్లో ఉండేదేదో తనకి ఒక్కసారైనా కావాలనిపించేది. నలభై మూడో ఏట ఇక ఆగలేక, పాత ఫ్రేము ఒకటి సంపాదించి, గేర్ల కోసం పైడిరాజు దుకాణానికి వెళ్లాడు.

పైడిరాజు సైకిలు సామాన్లలో పుట్టి పెరిగినవాడు. ఎదుటివాడి జేబు ఎంత లోతో చూపుతోనే కొలవగలడు గాని, అబద్ధం చెప్పి అంటగట్టే రకం కాదు.

"ముందర రెండు చక్రాలు ఎట్టకండి మాస్టారూ. బురదలో ఇరుక్కుపోతాయి. ఒక్కటే ఎట్టండి, నలభై పళ్లది. ఇది సూడండి, ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం. గతుకుల్లో చైను జారదు."

"వెనకో?"

"వెనక పదకొండు నుంచి నలభై రెండు దాకా ఉన్న సెట్టు. సైక్లోక్రాస్‌కి అదే సరి. చైనూ, ఈ సెట్టూ ఎలాగూ అరిగిపోతాయి, చవకవి చాలు. గేరు మార్చే యంత్రం దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకండి. స్ప్రింగు బిగుతుగా ఉండాల."

తవిటినాయుడు నలభై రెండు పళ్ల చక్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అన్నం పళ్లెమంత ఉంది. చల్లగా, బరువుగా ఉంది. ఆ బరువుకే ఆయనకి ఒళ్లు పులకరించింది.

"పత్రం తెచ్చుకోండి, బిగించేద్దాం," అన్నాడు పైడిరాజు.

ఎత్తుల విభాగం మునిసిపల్ ఆఫీసు వెనక, జనన మరణాల గది పక్కన ఉంది. ఆయన దరఖాస్తు పెట్టిన నాలుగో రోజుకి పత్రం ఇంటికే వచ్చింది. ఆ విభాగం అంత త్వరగా ఏ పనీ చేసినట్టు ఎవరికీ గుర్తులేదు. అందులో ఇలా ఉంది: వెనక అవసరమైన పళ్లచక్రాలు, ఒకటి. పళ్ల సంఖ్య, పదకొండు. మిగిలిన ఎత్తులు, లేవు.

పైడిరాజు పత్రాన్ని రెండుసార్లు చదివి, బల్ల మీదున్న పెద్ద సెట్టుని పెట్టెలో పెట్టేశాడు. లోపలికి వెళ్లి, అరచేతిలో ఇమిడిపోయే చిన్న చక్రం తెచ్చాడు.

"మరి గేరు మార్చే యంత్రం?" అన్నాడు తవిటినాయుడు.

"ఒక్క చక్రానికి మార్చేదేటున్నాది మాస్టారూ. మీకు బాగా కలిసొచ్చింది." గొంతు తగ్గించి, "మంచినీళ్లు తాగుతారా?" అన్నాడు. పదహారేళ్ల పరిచయంలో అతను ఆ మాట అడగడం అదే మొదలు.

ఆ మర్నాటి నుంచి ఇంటి నుంచి బడికి దారంతా పల్లం అయింది. తవిటినాయుడు పెడలు తొక్కకుండానే బడికి చేరాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కూడా దారంతా పల్లమే. పత్రం ఇచ్చాక దాని ప్రకారం నేల సర్దడం ఇంజనీరింగు విభాగం బాధ్యత, వాళ్లు తమ పని తాము చేశారు. పోయేటప్పుడూ పల్లం, వచ్చేటప్పుడూ పల్లం అంటే రోజుకి కొంత కిందికి దిగుతున్నట్టే కదా అన్న లెక్క ఆయనకి మూడో రోజుకి తట్టింది. అప్పటికి వంటింటి కిటికీలోంచి చూస్తే పెద్ద రోడ్డు మీద నడిచేవాళ్ల మోకాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఎండ తొమ్మిదింటికి గాని రావట్నేదు. వడియాలు ఎండట్నేదు," అంది ఆయన భార్య గౌరీశ్వరి. అంతకు మించి ఆమెకేమీ తేడా కనిపించలేదు. పైగా నూతిలో నీళ్లు చేతికి అందుతున్నాయని సంతోషించింది.

కిందికి దిగింది ఆయన ఇల్లొక్కటే కాదు. ముప్పై రెండు ఇళ్ల వీధి మొత్తం దిగింది. తవిటినాయుడు ఆ పూట బడికి సెలవు పెట్టి ఎత్తుల విభాగానికి వెళ్లాడు. ఆ ఆఫీసుకి ఎప్పుడూ పదకొండు మెట్లు ఎక్కాలి. ఈసారి ఆయన కోసం పదకొండు మెట్లు దిగువకి తవ్వి ఉంచారు.

గుమాస్తా రమణకుమారి నెమ్మదస్తురాలు. ఆయన్ని కూర్చోబెట్టి, సర్వే రిజిస్టరు తీసింది.

"మీరు దరఖాస్తు పెట్టారు గదండీ. పత్రాలు వీధివారీగా ఇస్తాం, ఒక్కరికి ఇవ్వడానికి రూలు లేదు. అందుకని మీ వీధి మొత్తానికి ఇచ్చేశాం."

"అందరికీ పదకొండేనా?"

"అందరికీ పదకొండే. సర్వేలో అలాగే ఉంది." రిజిస్టరు ఆయన వైపు తిప్పింది. "చేతిరాత మీదేనా మాస్టారూ?"

చేతిరాత ఆయనదే. ఆషాఢంలో ఎత్తుల సర్వే డ్యూటీ ఎప్పటిలాగే బడి పంతుళ్ల నెత్తిన పడింది. పద్ధతి సులువే: ఇంటింటికీ వెళ్లి, గడప మీద గోలీకాయ పెట్టి, చెయ్యి తీసి, అది ఎటు దొర్లిందో, ఎంత వేగంగా దొర్లిందో రాయాలి. లోపలికి దొర్లితే ఆ ఇంట్లోవాళ్లకి ఎత్తులున్నట్టు, బయటికి దొర్లితే లేనట్టు. ఆ రోజు ఒకటే వాన. పదో తరగతి హాజరు, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, ఓటర్ల జాబితా, ఇన్ని రాసి వచ్చిన మనిషి. గొడుగు తియ్యడానికి బద్ధకించి, తవిటినాయుడు తన గడప మీదే కూర్చున్నాడు. గౌరీశ్వరి టీ ఇచ్చింది. ఆయన ఆ ఒక్క గడప మీద గోలీని ముప్పై రెండుసార్లు దొర్లించి, ముప్పై రెండు ఇళ్లూ రాసేశాడు. అన్నీ ఒకేలా ఉంటే బాగుండదని వేగాల్లో అక్కడక్కడ కాస్త తేడా కూడా చూపించాడు. సర్వే చేసే పంతుళ్లందరూ అలాగే రాస్తారు. అయితే ఆ గడపకి అంతకు ముందు నెలలోనే, వాన నీళ్లు లోపలికి రాకుండా, బయటికి వాలుగా సిమెంటు పెట్టించుకున్నాడు. ఆ సంగతి ఆయనకి ఇప్పుడు, ఈ కుర్చీలో గుర్తొచ్చింది.

"దీన్ని మార్చడం కుదరదాండీ?" అన్నాడు.

"ఎందుక్కుదరదూ! సర్వే చేసినాయన, నేను ఇళ్లకి వెళ్లలేదు అని రాసిస్తే మళ్లీ కొలుస్తాం. ముప్పై రోజుల గడువుంది."

"రాసిచ్చినాయన్ని ఏం చేస్తారు?"

"ఉద్యోగంలోంచి తీసేస్తారు. వీధికి మాత్రం ఎవరి ఎత్తులు వాళ్లకి వచ్చేస్తాయి." ఆమె తెల్లకాగితం, పెన్ను ఆయన ముందు పెట్టింది. ఆమె గొంతులో బెదిరింపు లేదు, జాలీ లేదు.

తవిటినాయుడు తేదీ వేశాడు. కమిషనరు గారి దివ్యసముఖమునకు అని రాశాడు. పందొమ్మిదేళ్ల సర్వీసు, ఇంటి అప్పు, గౌరీశ్వరి మొహం, స్టాఫ్ రూములో తన కుర్చీ, అన్నీ వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, ఆలోచించుకుని వస్తానన్నాడు. ముప్పయ్యో రోజు సరిగ్గా బురద పందెం నాడు పడింది.

ఆ ముప్పై రోజులూ వీధి దిగుతూనే ఉంది. పోస్టుమాన్ పైనుంచే ఉత్తరాలు వదిలేసేవాడు. పాలవాడు క్యాను తాడు కట్టి దించేవాడు. పగలే కప్పలు అరిచేవి. డ్రిల్లు పిరియడులో తవిటినాయుడు నిలబడిన చోటు జానెడు, తర్వాత మూరెడు కుంగింది. పిల్లలు తలలు వంచి ఆయన ఈల విన్నారు, మాస్టారు కొంచెం కిందికి దిగేరు అనుకుని కవాతు చేశారు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆటోవాళ్లకి పెట్రోలు మిగిలింది. మిగతా వీధులవాళ్లు, మీకేం, హాయిగా ఉన్నారు అని అసూయపడ్డారు కూడా. ఒకరోజు తవిటినాయుడు గడప మీద గోలీకాయ పెట్టి చూశాడు. బయటికి దొర్లింది. తీసి, గడప అవతల వైపు నుంచి పెట్టాడు. లోపలికి దొర్లి, మంచం కిందికి, అక్కణ్నించి పెరట్లోకి దిగి ఎక్కడికో వెళ్లిపోయింది. అది ఆగిన చప్పుడు వినపడలేదు.

రోజూ ఉదయం కాగితం బయటికి తీసేవాడు. రోజూ సాయంత్రం మళ్లీ మడత పెట్టేవాడు. తను పిరికివాడినని ఆయనకి బాగానే తెలుసు.

పందెం నాడు ఈల ఇంకెవరో ఊదారు. తవిటినాయుడు చవక సైకిలెక్కి బయల్దేరాడు. ముందు నలభై పళ్లు, వెనక పదకొండు. ఏ బురద పొలంలోనైనా ఆ పళ్లతో నాలుగు గజాలు కూడా కదలకూడదు. ఆయన మాత్రం గాల్లో తేలినట్టు వెళ్లాడు. మిగతావాళ్లు గేర్లు మార్చుకుంటూ, రొప్పుతూ వెనకబడిపోయారు. ఆఖరి మలుపు తిరిగాక గట్టు కనబడగానే ఆయన సైకిలు దిగి, దాన్ని భుజాన వేసుకున్నాడు. ఇన్నేళ్లు కలలుగన్నది ఈ ముప్పై అడుగుల కోసం. ఒక్క అడుగు పైకి పడినా చాలు, కాగితం మీద మిగతాది రాసేస్తానని మనసులో అనుకున్నాడు. అడుగు వేశాడు. కాలు కిందికి దిగింది. ఇంకో అడుగు వేశాడు. గట్టు మెత్తగా, మర్యాదగా ఆయన్ని కిందికి తీసుకెళ్లి పందెం గీత దాటించింది. ఒక్క చెమట చుక్క పట్టలేదు. ఆయన ఏడ్చాడు. గెలిచిన సంతోషమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

విజేతల అరుగు దగ్గర రెండో బహుమతికి ఒక మెట్టు, మూడో బహుమతికి దానికన్నా చిన్న మెట్టు కట్టారు. మొదటి బహుమతికి పత్రం ప్రకారం నాలుగడుగుల గొయ్యి తవ్వారు. తవిటినాయుడు అందులోకి దిగాడు. అక్కడ అప్పటికే గౌరీశ్వరి ఉంది, వీధిలోని ముప్పై రెండు ఇళ్లవాళ్లూ ఉన్నారు. వాళ్లు చూడ్డానికి వచ్చి నిలబడిన నేల కూడా వాళ్ల పత్రాల ప్రకారమే ఉంది మరి. పైనున్నవాళ్లు వంగి పతకం వేశారు. వాళ్లలో రమణకుమారి కూడా ఉంది. ఆమె కాస్త ఎక్కువ వంగి, చెయ్యి చాపింది.

"ఇవాళ ఆఖరి రోజు మాస్టారూ. నాకేమైనా ఇస్తారా?"

తవిటినాయుడు జేబులో చెయ్యి పెట్టాడు. ముప్పై రోజుల మడతలకి మెత్తబడిన కాగితం వేళ్లకి తగిలింది. అప్పుడే పక్కింటి ముత్యాలమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. డెబ్భై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో నాలుగేళ్లు గడప దాటలేదు.

"నీ దయ నాయినా," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "నీకు కాయితం వొచ్చిన కాడ్నించి మోకాళ్ల నొప్పి నేదు. ఎక్కడికెళ్లినా దిగడవే. ఎక్కే పనే నేదు. నువ్వు సల్లగా ఉండాల."

తవిటినాయుడు పైకి చూశాడు. రమణకుమారి చెయ్యి ఇంకా చాచే ఉంది.

"ఏం లేదండి," అన్నాడు.

ఆమె తలూపి, రిజిస్టరులో ఒక గీత కొట్టింది. వీధివాళ్లందరూ ఆయన్ని మధ్యలో పెట్టుకుని ఇంటికి నడిచారు. దారంతా పల్లమే గనక ఎవరికీ అలుపు రాలేదు.

సోమవారం పాలక్యానుతో పాటే ఒక కవరు తాడు మీద దిగింది. ఆ ఏడాది మిగిలిపోయిన ఇళ్లకి ఎత్తుల సర్వే డ్యూటీ ఉత్తర్వు. ఈసారి ఆయనకి పెద్ద రోడ్డు అవతలి వీధి ఇచ్చారు, అరవై ఇళ్లు. అక్కడి గడపలు అందాలంటే పైకి ఎక్కాలి. ఎటు అడుగేసినా కిందికే దిగే ఆయనకి ఎక్కే వీలు లేదు. ఆ సంగతి రాసి పంపితే ఎందుకు లేదని అడిగి, పాత సర్వే తిరగేస్తారు. గౌరీశ్వరి టీ తెచ్చి పక్కన పెట్టింది. తవిటినాయుడు ఉత్తర్వు మీద సంతకం చేసి, గడప మీద కూర్చుని, కొత్త గోలీకాయ తీశాడు.