కారడం మానేసిన గోడ

మా భవనం వెనక అడ్డుగోడ కారడం మానేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ ఘనవిజయానికి కారకులైన నివాసులందరికీ సంఘం తరఫున అభినందనలు.

తెలియనివారి కోసం ఒక మాట. మాది వాలు నేలను తొలిచి లేపిన నాలుగంతస్తుల భవనం. వెనకున్న మట్టి మా మీదికి జారకుండా ఇంజనీరు అడ్డుగోడ కట్టించి, దాని ఒంటినిండా గొట్టపు ముక్కలు గుచ్చాడు. వాన పడితే చాలు, వాటిలోంచి ఎర్రనీళ్లు కారేవి. పక్కన నిలిపిన కార్లు పాడు. చుట్టాల ముందు తలవంపులు.

"కొత్త గోడకి ఈ చిల్లులేమిటయ్యా?" అని కార్యదర్శి గారు ఫోనులో నిలదీశారు.

"మట్టి తాగిన నీళ్లు బయటికి పోవాలండీ. లేకపోతే ఆ బరువంతా గోడ మీదే" అన్నాడు ఇంజనీరు.

చదువుకున్నవాళ్లంతే, చేసిన తప్పుకి శాస్త్రం చెబుతారు. సంఘం చిల్లులన్నీ సిమెంటుతో పూడ్పించి, పైన లేత గులాబి రంగు వేయించింది. గోడ కళకళలాడింది.

వానాకాలం సగమయ్యేసరికి దానికి చిరుబొజ్జ వచ్చింది. కలిగినవాళ్ల గోడ కదా, ఒళ్లు చేసిందనుకున్నాం. ఆ ముచ్చట చూసి ఓర్వలేనిది ఒక్క కుట్టుపని వదినే. కింది అంతస్తులో ఆమె వెనక తలుపు ఆ గోడకి ఎదురుగానే ఉంది. తలుపు పక్క గదిలో మంచం పట్టిన అత్తగారు.

"అన్నయ్యగారూ, గోడ ముందుకొచ్చేసి మా తలుపు సగమే తెరుచుకుంటోంది. ఆ చిల్లులు తెరిపించండి."

"సగం తెరుచుకుంటోందిగా తల్లీ! సన్నగానే ఉన్నావు, పక్కకి తిరిగి పో" అన్నారు కార్యదర్శి గారు.

"నేను పోతాను. మా అత్తగారి మంచం తిరుగుతుందా?"

ఇలాంటి మొండిప్రశ్నలకు ఓటింగే మందు. చిల్లుల పక్షాన ఒక్క చెయ్యి లేచింది. దానికి సూది పోట్లు కూడా ఉన్నాయి. కార్యదర్శి గారు గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా! మట్టికి ఓటు హక్కు లేదు. ఒక్క ఇంటి ఇబ్బందిని భవనం మొత్తానికి అంటగట్టడం స్వార్థం!" మొదటి అంతస్తు బ్యాంకాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

వదిన అత్తగారిని కుర్చీలో మోయించుకుని, కుట్టుమిషను బండికెత్తి, ఇల్లు ఖాళీ చేసింది. ఫిర్యాదీ లేరు కనుక ఫిర్యాదు పరిష్కారమైనట్టు సంఘం ప్రకటించింది.

తర్వాతి వానకి గోడ దర్జాగా వచ్చి ఆమె వంటింటికి ఆనుకుంది. మట్టిని ఆపాల్సిన గోడని ఇప్పుడు మా భవనమే ఆపుతోంది. మా కట్టడం ఎంత గట్టిదో చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ప్రస్తుతం బ్యాంకాయన పడగ్గదిలో అరచెయ్యి పట్టేంత బీట. ఆయన పొద్దున్నే మెట్లెక్కి ఇంటింటికీ వెళ్లి, "ఒక్కసారి వచ్చి చూడండి సార్, పిల్లలు పడుకునే గది" అని బతిమాలుతున్నారు. రెండో అంతస్తువాళ్లు కాఫీ ఇచ్చి మరీ ఓదారుస్తున్నారు. "పోనీలెండి, గాలైనా బాగా వస్తుంది!"

ఇంతకీ మీరుండేది ఎన్నో అంతస్తు?