నూట నలభైమూడు రోజుల బల్లి

ఆ సోమవారం హెడ్మాస్టరు వెంకటప్పయ్యగారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇడ్లీ తిని, భవానీపురంలో బస్సెక్కి, హనుమాన్ జంక్షన్‌లో దిగి, ఆటోలో స్కూలుకి చేరి, తొమ్మిదిన్నరకల్లా యాప్‌లో మరుగుదొడ్డి ఫొటో పెట్టేసి, ఏడో తరగతికి భిన్నాలు చెప్పుకోవడం. ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ముప్పైమూడేళ్ళ సర్వీసులో ఆయనకి ఒక్క మెమో లేదు. తెల్లచొక్కా మీద పులుసు మరక పడకుండా పెళ్ళిభోజనం ముగించబోతున్న మనిషిలా చివరి రోజులు జాగ్రత్తగా దాటుకొస్తున్నారు.

ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతుండగా ఫోను టింగుమంది. ఢిల్లీ నుంచి మెసేజి. "మీ పాఠశాల మరుగుదొడ్డి ఫొటోలో గోడమీది బల్లి నూట నలభైమూడు పనిదినాలుగా ఒకే చోట ఉన్నది. నేడు పదకొండు గంటలకు కేంద్ర అధికారి వచ్చి పరిశీలించెదరు."

ముక్క చట్నీలోనే ఉండిపోయింది.

"ఏవండీ, మొహం అలా పాలిపోయిందేం?" అంది భార్య రావమ్మ.

"బల్లి" అన్నారాయన.

"అయ్యయ్యో, ఎక్కడ పడింది?" అంటూ ఆవిడ గబగబా గోడమీది క్యాలెండరు తిప్పి, వెనకున్న బల్లిపాటు ఫలితాలు వెతకసాగింది. "కుడి భుజమా, ఎడమ భుజమా?"

"నామీద పడలేదే. ఢిల్లీలో పడింది."

పాపం, ఆయన రోజులు మారిపోయాయి. పూర్వం తనిఖీ అంటే ఏడాదికోసారి. మండలం నుంచి ఆఫీసరుగారి బండి కాలవగట్టు మలుపు తిరగ్గానే వంటమ్మ చౌడేశ్వరమ్మ చూసి కేకేసేది. ఆయన వచ్చి కొబ్బరిబొండం తాగేలోపు స్కూలంతా సర్దుకునేది. ఇప్పుడు ఢిల్లీవాళ్ళు రోజూ చూస్తున్నారు. అన్నం ఫొటో, గుడ్డు ఫొటో, పిల్లల ఫొటో, ఆఖరికి మరుగుదొడ్డి ఫొటో. ఏ గట్టు మీంచి కేకేయాలో చౌడేశ్వరమ్మకి తెలియడం లేదు.

నిజానికి ఆ మరుగుదొడ్డి అద్దంలా ఉంటుంది. లేనిదల్లా అక్కడ సిగ్నలే. అక్కడ ఫొటో తీస్తే యాప్ గిరగిరా తిరిగి తిరిగి గడువు దాటించేది. అందుకని జూన్‌లో తీసిన ఒక మంచి ఫొటోని దాచుకుని, ఆఫీసు గదిలో కూర్చుని రోజూ అదే నొక్కేవారు. మూలన బల్లి ఉన్నట్టు ఆయన ఏనాడూ చూడలేదు.

స్కూలుకి చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. అసిస్టెంటు టీచరు కిరణ్‌కుమార్ మెసేజి రెండుసార్లు చదివాడు.

"సార్, కంగారెందుకు? బల్లి నిజంగానే అక్కడుంటోందని చెబుదాం."

"ఉండాలి కదయ్యా!"

"ఉంచుదాం సార్" అని మోటార్‌సైకిలెక్కి జంక్షన్‌కి పోయి, బొమ్మల కొట్లోంచి ఒక రబ్బరు బల్లిని తెచ్చాడు. చౌడేశ్వరమ్మ మైదాపిండి ఉడికించి జిగురు చేసింది. ఫొటో చూసుకుంటూ మూలన అంటించారు. తీరా చూస్తే ఫొటోలో నీలం బకెట్టుంది, ఇక్కడున్నది ఎర్రది. నీలం బకెట్టు విరిగిపోయి చౌడేశ్వరమ్మ పెరట్లో కరివేపాకు మొక్కకి కుండీ అయింది. మొక్కని పెళ్ళగించి బకెట్టు తెచ్చారు.

"పిల్లకంటే ఎక్కువగా పెంచుకున్నానండీ దాన్ని" అని ఆవిడ కళ్ళొత్తుకుంది.

"నా సర్వీసు కంటే ఎక్కువా అమ్మా?" అన్నారు వెంకటప్పయ్యగారు. ఆయనకి భయం వేస్తోంది. మామూలు భయం కాదు, చిన్నప్పుడు లెక్కలు తప్పినప్పటి భయం. ఒక్క మెమో పడితే ముప్పైమూడేళ్ళూ ఆ ఒక్క కాగితం కిందకి పోతాయి.

పదకొండింటికి గన్నవరం విమానాశ్రయం నుంచి కారు వచ్చింది. ఢిల్లీ మేడమ్ దిగింది. వెనకాలే మండల విద్యాధికారి ఛాయాదేవి దిగి, హెడ్మాస్టరుగారి చెవిలో గుసగుసలాడింది. "ఏం చేశారండీ బాబూ? మీకు మెమో పడితే నాకూ పడుతుంది. పొద్దుట్నుంచీ నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

ముగ్గురూ మరుగుదొడ్డిలో నిలబడ్డారు. ఢిల్లీ మేడమ్ చేతిలో ఉన్న ఫొటో చూసింది, గోడ చూసింది. బల్లి ఉంది. బకెట్టుంది. వెంకటప్పయ్యగారు ఊపిరి పీల్చుకోబోయారు. పొద్దున్నే కడిగిన గోడ ఇంకా ఆరలేదు. మైదా జారింది. బల్లి వెళ్ళి సరిగ్గా ఛాయాదేవి నడినెత్తిన పడింది.

"అమ్మో! నెత్తిమీద బల్లి! నా పని అయిపోయింది!" అని ఆవిడ బకెట్టు తన్నుకుంటూ బయటికి పరిగెత్తింది. "ఎవరైనా కంచికి వెళ్ళొచ్చినవాళ్ళున్నారా? అక్కడి బల్లిని ముట్టుకున్నవాళ్ళు?"

"నేనున్నానమ్మా! పోయిన కార్తీకంలోనే ముట్టుకున్నా!" అంటూ చౌడేశ్వరమ్మ సాంబారు గరిటెతో పరిగెత్తుకొచ్చింది. దోషం పోవాలని ఛాయాదేవి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

లోపల ఢిల్లీ మేడమ్ వంగి బల్లిని తీసింది. తిరగేస్తే పొట్టమీద ధర చీటీ. "ఇది రబ్బరుది" అంది ఇంగ్లీషులో.

వెంకటప్పయ్యగారి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ చిత్రంగా, పోయాక కాస్త ధైర్యం వచ్చింది. తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకున్నారు. "తప్పు నాది మేడమ్. రోజూ ఒకటే ఫొటో పెట్టాను. మెమో నాకివ్వండి. వీళ్ళనేం అనకండి."

ఆవిడ తలుపు దగ్గరికి వేసింది. సందులోంచి బయటికి తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదండీ."

"అనకండి. రోజూ మీ ఫొటో చూసి 'సరిచూడబడినది' అని నొక్కాల్సింది నేనే. నూట నలభైమూడుసార్లు చూడకుండా నొక్కాను. దేశంలో ఉన్న గోడలన్నీ నేనొక్కదాన్నే ఎలా చూడను? ఈమధ్య పెట్టిన కంప్యూటరు పట్టేసింది. మీ ఫొటో అబద్ధమైతే మీకొక మెమో. నాకు నూట నలభైమూడు."

వెంకటప్పయ్యగారికి జీవితంలో మొదటిసారి ఢిల్లీ మీద జాలేసింది. "మంచినీళ్ళు తాగుతారా అమ్మా?" అన్నారు.

"తర్వాత. ముందు గట్టి జిగురు తెప్పించండి."

బల్లిని ఆవిడే స్వయంగా అంటించింది. పడదని రెండుసార్లు లాగి చూసింది. ఆఫీసు గదిలో కూర్చుని రిపోర్టు పంపింది: "బల్లి వాస్తవము. అక్కడే ఉండును. కదలదు."

ఫైలు మూసేశారు. మెమో రాలేదు. వారం తిరక్కుండా ఢిల్లీ నుంచి ఇంకో మెసేజి వచ్చింది: "మీ బల్లి కేంద్రముచే ధ్రువీకరించబడినది. ఇకపై ఏ రోజు ఫొటోలోనైనా బల్లి కనిపించనిచో సంజాయిషీ ఇవ్వవలెను."

నాలుగు నెలల తర్వాత, మచ్చలేని సర్వీసుతో రిటైరవుతూ వెంకటప్పయ్యగారు కిరణ్‌కుమార్‌కి ఛార్జి అప్పగించారు. తాళాలు, రబ్బరు స్టాంపులు, హాజరు పట్టీల జాబితా కింద చివరి వరస ఆయన తన చేత్తోనే రాశారు: "బల్లి, రబ్బరుది, ఒకటి. పనిచేయు స్థితిలో ఉన్నది."