గేటు బయట రోగులుండరు

మన ఆసుపత్రుల్లో ఎవరూ ఎక్కువసేపు ఎదురుచూడరు! నవ్వకండి. తొమ్మిది దేశాలు తిరిగొచ్చిన కమిటీ ఆరువందల పేజీల రిపోర్టులో అచ్చు వేయించిన మాట ఇది. వెయిటింగ్ టైములో, పోల్చిన పది దేశాల్లోకీ మనది మూడో ర్యాంకు.

దేశాలను పక్కపక్కన నిలబెట్టి పోల్చడాన్ని మించిన వైద్యం లేదని నా నిశ్చితాభిప్రాయం. మందులు అక్కర్లేదు, మంచాలు అక్కర్లేదు. ఒక పట్టిక గీస్తే చాలు, జాతి మొత్తం లేచి కూర్చుంటుంది!

కమిటీ వారు ఊరికే తిరిగారా? ఒక దేశంలో ఆసుపత్రి తలుపుల వెడల్పు కొలిచారు. మరో దేశంలో రోగుల పరుపుల మీద స్వయంగా పడుకుని మెత్తదనం రాసుకున్నారు. ఇంకో దేశంలో వాన తెరిపివ్వకపోతే హోటల్ గది కిటికీలోంచే పోల్చారు. ఇంతకన్నా ఏం చెయ్యమంటారు?

తీరా తిరిగొచ్చాక చిక్కొచ్చిపడింది. అక్కడ గంటలోపే డాక్టరు చూస్తున్నాడు. మన పెద్దాసుపత్రిలో మూడు గంటలు. పరువు పోదూ? డాక్టర్లను పెంచుదామని ఎవరో అమాయకుడు నోరు జారాడట. ఆయన్ను కూర్చోబెట్టి, గడియారాన్ని సరిచేశారు. టోకెను చేతిలో పడ్డ క్షణం నుంచే మనిషి రోగి. అంతకుముందు అతను బాటసారి! టోకెను యంత్రాన్ని గేటు లోపలికి మార్చారు. డాక్టరు ముందు కుర్చీ ఖాళీ అయ్యేదాకా గేటు బయటివాళ్ళను లోపలికి పిలవొద్దన్నారు. మూడు గంటలు కాస్తా పంతొమ్మిది నిమిషాలకు దిగింది.

ఇంత చక్కని ఏర్పాటును పాడుచేసిన మనిషి మా ఇంట్లోనే పుట్టింది. మా చెల్లెలు. ఆ ఆసుపత్రిలో హెడ్ నర్సు.

ఒకరోజు పొద్దున పదీ నలభైకి, ఆక్సిజన్ సిలిండర్ల బండి ఎక్కడ ఆగిపోయిందో చూడ్డానికి గేటు దాకా వచ్చింది. బయట రేకుల షెడ్డు కింద ఒక దర్జీ గోడకానుకుని కూర్చున్నాడు. బస్టాండు పక్కన మిషను పెట్టుకున్న మనిషి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. చొక్కా చెమటకు తడిసిపోయింది. భార్య వాచ్‌మన్‌ను బతిమాలుతోంది.

"ఎడం చెయ్యి లాగేస్తోందంటున్నాడు బాబూ. ఒక్కసారి చూడమనండి."

"నన్నేం చెయ్యమంటావమ్మా? పిలుపు రానిదే పంపితే నా ఉద్యోగం పోతుంది."

"ఎప్పుడొచ్చారు?" అని చెల్లెలు అడిగింది.

"ఎనిమిదింటికి సిస్టరమ్మా."

మా చెల్లెలికి చిన్నప్పటి నుంచీ దేశం గురించి పట్టింపు తక్కువ. స్ట్రెచర్ తెప్పించి, టోకెను లేకుండానే అతణ్ణి లోపలికి తోయించింది. ఈసీజీ తీస్తే గుండెపోటు. ఇంజెక్షన్ పడింది, మనిషి నిలిచాడు. "ఇంకో అరగంట అయ్యుంటే మన చేతుల్లో ఉండేది కాదు," అన్నాడట డాక్టరు.

అంతటితో ఊరుకుందా? కంప్యూటర్లో అతను వచ్చిన సమయం ఎనిమిది గంటలని కొట్టింది! అది చూసి మిగతా నర్సులకూ ధైర్యం వచ్చి, గేటు దగ్గరికి ఎవరు ఎప్పుడొచ్చారో అడిగి అదే రాయడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండా మూడో ర్యాంకు పదికి జారింది. పదకొండో దేశం లేదు కాబట్టి ఆగింది గానీ, ఉంటేనా!

సూపరింటెండెంటు మెమో చేతికిచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"మనిషి బతికాడు, సంతోషం. ఎనిమిదని ఎందుకు రాశావమ్మా?"

"ఎనిమిదింటికి వచ్చాడు కాబట్టి సార్."

"వచ్చింది గేటు దగ్గరికి. ఆసుపత్రికి కాదు."

చెల్లెలు సంచిలోంచి ఆ రిపోర్టే తీసింది. నాకు తెలిసి దాన్ని ఆసాంతం చదివిన ప్రాణి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. రెండువందల పన్నెండో పేజీ ఆయన ముందు పెట్టింది. ఫలానా దేశంలో ఒక నర్సు గేటు దగ్గరే నిలబడి, వచ్చిన మనిషిని వచ్చిన నిమిషంలోనే చూస్తుందనీ, లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుందనీ, మనం తక్షణం నేర్చుకోవలసింది ఇదేననీ ఉంది. కింద కమిటీ సభ్యుడిగా సూపరింటెండెంటుగారి సంతకం.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు.

"బాగానే రాశాను. కానీ ఇది ఆ దేశం గురించమ్మా!"

చెల్లెల్ని రికార్డు గదికి మార్చారు. గేటు కనపడే కిటికీ కూడా లేని గది. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది. "నాకు మెమో గురించి కాదన్నయ్యా. ఇవాళ గేటు దగ్గరికి ఎవరు వెళ్ళి చూసుంటారు?" అంది.

మూడు వారాలకు దర్జీ నెమ్మదిగా నడుచుకుంటూ రికార్డు గదికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"నా మూలాన దేశానికి పేరు పోయిందటగా అమ్మా. మీరూ మాట పడ్డారట. మళ్ళీ నొప్పొస్తే ఏ టైముకి రమ్మంటారో చెప్పండి, ఆ టైముకే వస్తాను."

ఎంత దేశభక్తి! ఇంతటి పౌరుణ్ణి తయారుచేసిన రిపోర్టు ఏ దేశానికైనా ఉందా?

అందుకే కమిటీ వారికి నాదొక మనవి. అయ్యా, మన కింద నిలబెట్టడానికి పదకొండో దేశాన్ని వెతుక్కుంటున్నారని విన్నాను. విమానం ఎక్కనక్కర్లేదు. మన పెద్దాసుపత్రి గేటు బయటే ఉంది ఆ దేశం. జనాభా బాగానే ఉంది, రోజూ పెరుగుతోంది. సూపరింటెండెంటుగారి గదినుంచి అక్కడికి నలభై అడుగులు. వెళ్ళేటప్పుడు మిమ్మల్ని ఎవరూ ఆపరు. తిరిగి లోపలికి రావడమే కాస్త ఆలస్యమవుతుంది.