సూది చెప్పిన చాడీ

ఆ గురువారం పొద్దున ఘాటగే గురూజీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రికి వెళ్ళి చెవి కింది గడ్డ సంగతి తేల్చుకోవడం, అటునుంచి అటే ఆడపిల్లల బడికి వెళ్ళి పొగాకు మీద ఉపన్యాసం దంచడం. కొల్హాపూర్‌లో వ్యసనముక్తి సంఘానికి ఆయనే అధ్యక్షుడు. రోజూ వేకువన రంకాళా చెరువు గట్టుకు నడకకు వెళ్ళి, పొదల చాటున రెండు సిగరెట్లు కాల్చి, సోంపు నములుతూ ఇంటికొచ్చేవాడు. ఆ సంగతి భార్య ఇందుతాయికి కూడా తెలియదు.

గడ్డలో సూది గుచ్చి, తీసిన కణాలను పరీక్ష చేసిన డాక్టరమ్మ మృణాల్ రిపోర్టు చేతికిచ్చింది. "భయం లేదు గురూజీ. లాలాజల గ్రంథిలో గడ్డ. క్యాన్సర్ కాదు, తీసేస్తే సరిపోతుంది."

పక్కనే ఉన్న ఇందుతాయి అంబాబాయి అమ్మవారికి దండం పెట్టుకుంది. డాక్టరమ్మ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"వార్తిన్ గడ్డ అంటారు దీన్ని. ఎక్కువగా సిగరెట్లు కాల్చేవాళ్ళకే వస్తుంది. మీరేమైనా...?"

గురూజీ చెవులు ఎర్రబడ్డాయి. "నేనా? సిగరెట్టా? మీ సూదే తప్పు!"

"క్యాన్సరా కాదా అన్నది చాలావరకు సరిగ్గానే చెబుతుందండీ."

"నా విషయంలో తప్పింది. ఈ రిపోర్టులో ఒక్క ముక్క నమ్మను!"

పరువు కాపాడుకోవడానికి అన్న ఆ మాట ఇందుతాయి గుండెల్లో రాయి వేసింది. రిపోర్టంతా తప్పైతే, క్యాన్సర్ కాదన్నదీ తప్పే కదా! ఆవిడ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి సాతారాలోని తమ్ముడికి ఫోను చేసింది.

సాయంత్రానికి తమ్ముడు బాజీరావు వాళ్ళ ఊరి మిఠాయి కందీ పేడాల డబ్బాతో దిగాడు. "బావా, మీరు ధైర్యంగా ఉండాలి" అని తనే భోరుమన్నాడు. ఇందుతాయి ఉపవాసం పట్టి, చెప్పుల్లేకుండా గుడికి తిరగడం మొదలుపెట్టింది. ఆవిడ అరికాళ్ళ బొబ్బలు చూసినప్పుడల్లా గురూజీకి నిజం గొంతుదాకా వచ్చేది. సోంపు వాసనతోపాటు మళ్ళీ కిందికి దిగిపోయేది.

ఈలోగా కబురు సంఘానికి చేరింది. కార్యదర్శి పవార్ మండిపడ్డాడు. "పొగ వాసనంటేనే గిట్టని దేవుడిలాంటి మనిషికి సిగరెట్ గడ్డా? ఎంత నింద!"

"వదిలేద్దాం పవార్, చిన్న విషయం."

"మీ వినయం మాకు తెలీదా గురూజీ? మీరు మెదలకుండా కూర్చోండి."

మర్నాడు గురూజీ మెడలో దండ వేసి, జెండాలు పట్టి, బడిపిల్లల చేత నినాదాలు ఇప్పిస్తూ ఊరేగింపుగా ఆసుపత్రికి తీసుకుపోయారు. పెద్ద డాక్టరు జనాన్ని చూసి హడలిపోయాడు. "మృణాల్, గురూజీకి క్షమాపణ చెప్పు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆ పిల్ల కళ్ళనీళ్ళతో చేతులు జోడించింది. "క్షమించండి గురూజీ. నా కంటికి అలాగే కనబడింది."

గురూజీ తల భూమిలోకి కుంగిపోయింది. మెడలో బంతిపూలు ఉరితాడులా ఉన్నాయి. ఆ పిల్ల చేతులు కిందికి దించాడు.

"ఆగమ్మా. సూది తప్పు కాదు. నేను కాలుస్తాను. రోజూ."

నినాదాలు ఆగిపోయాయి. పవార్ జెండా చుట్టేశాడు. వెనకనుంచి ఒక బడిపిల్ల, "మరి పొగాకు ముట్టమని మాతో ప్రమాణం చేయించారుగా గురూజీ?" అంది. ఊరేగింపు వెంట చెప్పుల్లేకుండా నడిచొచ్చిన ఇందుతాయి తల వంచింది. తన పాదాల వంక చూసుకుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తీసిన గడ్డను పూర్తిగా పరీక్షించాక, ఉద్యోగం నిలబెట్టుకున్న మృణాల్ మంచం దగ్గరకొచ్చి బిక్కమొహం వేసింది.

"క్యాన్సర్ కాదన్నది నిజమే గురూజీ. రకం మాత్రం నేను పొరబడ్డాను. సూదికి వచ్చిన కాసిని కణాలు చూసి అనుకున్నాను. ఇది వార్తిన్ గడ్డ కాదు. సిగరెట్టు ముట్టనివాళ్ళకీ వస్తుంది. మీ పొగతో దీనికి సంబంధం లేదు."

గురూజీ ఒక్క ఉదుటున లేవబోయాడు. "విన్నావా ఇందూ? సూది తప్పని నేను ఆరోజే చెప్పలేదూ!"

ఇందుతాయి బత్తాయి తొన ఒలుస్తూ తలెత్తింది. "రిపోర్టు మారింది, సరే. మీరు ఒప్పుకున్నది కూడా మారుస్తారా?"

గురూజీ సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకుందామనుకున్నాడు గానీ, కుట్లు అటువైపే ఉన్నాయి.