జీపు కింద ఎర్ర మరక

ఈ అడవి అంచున పుట్టిన అపరాధ పరిశోధకుల్లో నేను ప్రథముణ్ణి. రెండోవాడు ఇంకా పుట్టలేదు కాబట్టి ఈ మాట అనడానికి నాకు మొహమాటం కూడా లేదు. పేరు సుకుమార్. సారపాక కాగితం మిల్లులో జామాయిల్ కర్ర లారీలను తూచే కాటా దగ్గర గుమాస్తాని. అది పొట్టకూటి కోసం. నా మెదడు మాత్రం ఇరవై నాలుగు గంటలూ నేరం వాసన కోసం వెతుకుతూనే ఉంటుంది. ఇప్పటిదాకా పదకొండు కేసులు చేపట్టాను. తొమ్మిదింటిలో నేరస్థుడు దొరకలేదు. మిగతా రెండింటిలో అసలు నేరమే జరగలేదని తర్వాత తెలిసింది. పన్నెండోది అలాంటిలాంటి కేసు కాదు. అందులో రక్తం ఉంది.

ముందు మా జీపు గురించి చెప్పాలి. మా మామగారు యేసుదానం పాస్టరుగా అడవి ఊళ్ళన్నీ తిరిగిన బండి అది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది కనక వాగులో దిగినా బయటికొస్తుంది. ఆగిపోవడమంటూ ఉంటే నున్నటి తారు రోడ్డు మీద, పదిమంది చూస్తుండగా ఆగుతుంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచి దాన్ని ఇంట్లోనే రిపేరు చేసే బాధ్యత నేను తీసుకున్నాను. విప్పి బిగించిన ప్రతిసారీ రెండు మూడు సామాన్లు మిగిలేవి. వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో వేసేవాణ్ణి. డబ్బా నిండింది, బండి ఇంకా నడుస్తోంది. కంపెనీవాళ్ళు అవసరానికి మించి బిగించారని నా నిశ్చితాభిప్రాయం.

ఏటా క్రిస్మస్ మర్నాడు మేమంతా ఆ జీపులో అడవి లోపలి ఇప్పలగుంపుకి వెళ్తాం. మామగారు కట్టించిన ప్రార్థన మందిరం అక్కడుంది. దాని పక్కనే ఆయన సమాధి. ఊరికి ముందు వాగు అడ్డం, వంతెన లేదు, మామూలు కారు దాటలేదు.

ఈసారి ఆ ప్రయాణానికి నా భార్య తబితా ఒక షరతు పెట్టింది. ఆమె బళ్ళో లెక్కల టీచరు, ఆమెతో వాదించి గెలిచిన చరిత్ర నాకు లేదు.

"ఏమయ్యా, నాకు ఓపిక అయిపోయింది. పోయిన నెల పాల్వంచల ఆగింది. మొన్న చర్చి ముంగట ఆగితే పట్టుచీర కట్టుకొని నూకిన. ఇరవై ఆరున పోయొద్దాం. దారిల ఒక్కసారి ఆగినా సరే, ఇరవై ఏడున అశ్వారావుపేట నుంచి హరిలాల్ వచ్చి కొనుక్కొని తోలుకపోతడు. పామాయిల్ తోటల తిప్పుకుంటడట."

"మామ జ్ఞాపకం అది!"

"మా నాయినది గుర్తుపెట్టుకోను నాకు జీపు నూకుడు అక్కర్లే."

మా అత్తమ్మ సవరమ్మ మా దగ్గరే ఉంటుంది. వెల్లుల్లి ఒలుస్తూ జీపు వైపు ఒకసారి చూసింది. ఆరితేరిన నా కళ్ళు ఆ చూపును గమనించాయి, వెంటనే మర్చిపోయాయి.

డిసెంబరు ఇరవై మూడు ఉదయం, బ్రష్షు నోట్లో పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళిన నేను అక్కడే నిలబడిపోయాను. జీపు ముందు భాగం కింద, నేల మీద, జొన్నరొట్టెంత ఎర్ర మరక! ఇంకా తడి ఆరలేదు.

ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి స్తుతి వచ్చి తొంగి చూసింది.

"డాడీ, ఆడ నువ్వు గోడలకు సున్నం వేసేటప్పుడు బకెట్ తన్నినవ్ కదా? నేలంత తెల్లగ ఉండె. ఎర్రగ ఎట్లయింది?"

"తెల్లని నేల మీద ఎర్రని రక్తం," అన్నాను నురగ మింగుతూ. "హంతకునికి కళాపోషణ ఉన్నది. ఎవ్వరూ తొక్కొద్దు!"

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి తబితా కేక వేసింది. "పసుపు డబ్బా మళ్ళ ఖాళీ! నెలల మూడోసారి. ఎవరు తీస్తున్నరు?"

"ఇంటి ముంగట రక్తం పారుతుంటే పసుపు గురించి అడుగుతున్నవా? వంటింటి కేసులు నేను తీసుకోను."

అత్తమ్మ దగ్గింది. చలికాలం కదా, విక్స్ రాసుకోమని సలహా ఇచ్చాను.

మరక చెడకూడదని దాని పక్క మట్టిని చెంచాతో తీసి సీసాలో వేసుకుని, భద్రాచలంలో లాబ్ నడిపే ఆయన దగ్గరికి పోయాను. "ఇది మనిషిదా, జంతువుదా?" అని గొంతు తగ్గించి అడిగాను. ఆయన సీసాను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "గది నేను చెప్పలేను గని సార్, మన్ను అని మాత్రం గట్టిగ చెప్తా," అన్నాడు. నేర పరిశోధనలో ప్రపంచం నాకు సహకరించకపోవడం కొత్తేమీ కాదు.

వస్తూ వస్తూ భద్రాచలం వంతెన మీద నా మెదడు పనిచేసింది. అడవి అంచు, పాత జీపు, ఇంజను కింద రక్తం. ఇంకేముంది! ఎవరో రాత్రిళ్ళు మా బండి వేసుకుని వేటకి పోతున్నారు. జింకను కొట్టి తెస్తున్నారు. చెక్‌పోస్టులో దొరికితే బండి పోతుంది, పేపర్లో నా పేరు పడుతుంది, అదీ డిటెక్టివ్ అని కాదు. మా జీపుకి రెండో తాళంచెవి ఉన్నది ఈ లోకంలో ఒకే ఒక్కడి దగ్గర. మెకానిక్ వజీర్. నా ప్రాణస్నేహితుడు. అయితే నాకు చట్టం ముఖ్యం.

అతని షెడ్డుకి పోయి ఎదురుగా టైరు మీద కూచున్నాను. "వజీర్ భాయ్, నిన్న రాత్రి నువ్వు ఎక్కడున్నవ్?"

"ఇంట్ల పండుకున్న."

"సాక్షి ఎవరు?"

"మా ఇంటామె జహీదా. గురక పెడుతున్ననని అరుగు మీదికి పంపింది. ఆడికెళ్ళి వాడకట్టంత సాక్షే."

"మా జీపు తాళంచెవి నీ దగ్గర ఉన్నదా, లేదా?"

"అవ్, ఉన్నది. నీది ఎట్లనో పోగొట్టుకుంటవని నువ్వే ఇచ్చినవ్."

"మరి జీపు కింద తడి మరక ఎట్ల వచ్చింది?"

వజీర్ స్పానర్ కింద పెట్టాడు. "ముందల భాగం కిందనా? గట్లయితే రేడియేటర్ కారుతున్నట్టుంది భాయ్. జల్దీ పట్టుకరా, చూస్త."

"మాట మార్చకు!"

అతను నా మొహం కాసేపు చూసి చాయ్ తెప్పించాడు. అనుమానితుడి చాయ్ తాగడం వృత్తి ధర్మానికి విరుద్ధం. అల్లం వేశారు కాబట్టి తాగాను. అతన్ని కళ్ళ ముందే ఉంచుకోవాలని, "ఇరవై ఆరున మాతోని ఇప్పలగుంపుకి రా," అన్నాను. పిచ్చివాడు, ప్రేమతో పిలిచాననుకుని ఎంత సంబరపడ్డాడో! ఆ సంబరం చూసి నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

ఇరవై ఆరు ఉదయం అందరం ఎక్కాం. నేను క్రిస్మస్‌కి కుట్టించుకున్న తెల్లచొక్కా వేసుకున్నాను. అత్తమ్మ ఒళ్ళో బంతిపూల సంచి, కాళ్ళ దగ్గర మందిరం పిల్లలకి పంచడానికి ఏవో డబ్బాలు. వజీర్ చేతిలో జహీదా వండి పంపిన ఖీమా గిన్నె.

అడవి మొదట్లో చెక్‌పోస్టు. గార్డు బలరాం అడ్డకర్ర దించి దగ్గరికొచ్చాడు. "పండగ బాగ జరిగిందా సార్?" అన్నాడు.

"మా బండిల జింక మాంసం లేదు!" అన్నాను.

అతను అడిగింది అది కాదని నాక్కూడా తెలుసు. నోరు నా మాట వినలేదు. బలరాం మొహం మారింది. వెనక్కి వచ్చి వజీర్ ఒళ్ళోని గిన్నె మూత తీశాడు. వాసన చూశాడు. ఇంత వేలితో తీసి నోట్లో వేసుకున్నాడు.

"మేకది సార్," అన్నాడు. "మస్తుగున్నది. పొండ్రి."

తబితా నా వైపు చూసిన చూపుని ఇక్కడ వర్ణించను. స్తుతి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

వాగు ఇంకా రాయి విసిరితే తగిలేంత దూరంలో ఉండగా, మామిడి చెట్ల మిట్ట ఎక్కుతున్న జీపు ముక్కులోంచి తెల్లగా ఆవిరి పైకి లేచింది. ముక్కుతూ మూలుగుతూ వాగు ఒడ్డుకి దిగి, నీళ్ళ అంచున ఇంజను ఆగిపోయింది.

"ఆగింది," అంది తబితా. ఆ ఒక్క మాటే. ఇంక మాట్లాడాల్సిందేమీ లేదన్నట్టు దిగి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

అవతలి ఒడ్డున చెట్ల మధ్య మందిరం రేకుల కప్పు కనబడుతోంది. అత్తమ్మ దాన్నే చూస్తోంది. బంతిపూల సంచి మూతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"చల్లారనీ భాయ్, రేడియేటర్ మూత ముట్టకు," అన్నాడు వజీర్. అనుమానితుడి మాట ఎలా వింటాను? పావుగంట మాత్రం ఓర్చుకుని, గుడ్డ పట్టుకుని మూత తిప్పాను. బుస్సుమంది. పక్కకి దూకాను కాబట్టి మొహం దక్కింది, తెల్లచొక్కా మాత్రం దక్కలేదు. పచ్చటి నీళ్ళు గుండెల మీద నుంచి పొట్ట దాకా కారాయి.

గిన్నెలు తోముకోవడానికి తెచ్చిన బట్టల సబ్బు తీసుకుని వాగులోకి పరుగెత్తాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చొక్కాకి గట్టిగా రుద్దాను. రుద్దినచోటల్లా ఎర్రగా వచ్చింది. ఇంకా రుద్దాను. ఇంకా ఎర్రగా వచ్చింది.

"నెత్తురు!" అని అరిచాను. "వేటగాళ్ళు! నన్ను కాల్చిన్రు! తబితా, స్తుతిని మంచిగ చదివించు!" అని ఒడ్డుకి ఉరికి ఇసకలో వెల్లకిలా పడ్డాను. పడేముందు కింద రాళ్ళు లేవని చూసుకున్నాను.

తబితా తీరిగ్గా నడిచొచ్చి, వంగి, చొక్కా కొస పట్టుకుని వాసన చూసింది. "పసుపు," అంది.

"ఏంది?"

"పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రగయితది. సున్నం తగిలినా అంతే. మన వాడకట్టుల దిష్టి నీళ్ళు గట్లనే కదా కలిపేది! పసుపేసిన పప్పు ఇన్నేండ్ల సంది తింటున్నవ్, గిది తెల్వదా?"

అపరాధ పరిశోధకుడు ఇసకలోంచి లేచి కూచున్నాడు. షెడ్డులో నేను ఒలకబోసిన సున్నం, దాని మీద కారిన నీళ్ళు, ఎర్ర మరక... ఒక్కొక్కటీ వరసగా నా బుర్రలోకి వచ్చి కూచున్నాయి.

"మరి రేడియేటర్ల పసుపెట్ల పడ్డది మమ్మీ?" అంది స్తుతి.

అత్తమ్మ జీపులోంచే, మా వైపు చూడకుండా చెప్పింది.

"నేనే పోసిన బిడ్డా. మీ తాత గట్లనే పోసేటోడు. రేడియేటర్ కారితే ఇంత పసుపు పోస్తే చిల్లు పూడుకుంటుండె. గీ దారిల ఎన్నిసార్లు పోసిండో. మీ డాడీ డ్యూటీకి పోయినంక, ఇంజను చల్లగున్నప్పుడు, నేనే మూత తీసి పోసిన. బండి ఆగితే అమ్మేస్తరు. అమ్మేస్తే నేను ఆయన కాడికి ఎట్ల పోవాలె? వాగు నడిచి దాటే ఒళ్ళా నాది?"

తబితా గబగబా పోయి తల్లి పక్కన కూచుంది. "నాకు చెప్పొద్దా అమ్మా?"

"బండి అమ్ముతా అనే ముంగట నువ్వు నన్ను అడగలే కదా."

తబితా తలొంచుకుంది. నాకు తల ఎత్తే అర్హత అంతకంటే తక్కువ. లాబ్ ఆయన్ని ప్రశ్నించాను, స్నేహితుణ్ణి నిలదీశాను, గార్డు అడగకముందే జవాబు చెప్పాను. మా ఇంట్లో మా ఎదురుగా కూచుని వెల్లుల్లి ఒలిచే మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

ఈలోగా వజీర్ తల ఇంజనులో పెట్టి వెతుకుతున్నాడు. "పసుపు మంచిగనే పనిచేసింది అమ్మా," అన్నాడు. "రేడియేటర్ జాలిల చిల్లు పూడింది. కారుతున్నది గీ పైపు మొదట్ల. దీనికి క్లిప్ ఉండాలె. క్లిప్పే లేదు. ఎవడో విప్పి మళ్ళ పెట్టలే."

అందరూ నా వైపు చూశారు. నేను వాగు వైపు చూశాను.

"గీ అడవిల క్లిప్ యాడ దొరుకుతది," అన్నాడు వజీర్ నిట్టూర్చి. "వెనక్కి పోవుడే."

స్తుతికి ఆకలేసింది. అమ్మమ్మ కాళ్ళ దగ్గరున్న బిస్కెట్ డబ్బా తీసి, గోళ్ళతో మూత లాగింది. లోపల బిస్కెట్లు లేవు. బోల్టులు, నట్లు, వాషర్లు, ఆరేళ్ళ నా ఇంటి రిపేర్ల సమస్త సంపద ఉంది. మందిరం పిల్లలకి పంచుదామని అత్తమ్మ అటక మీద నుంచి దింపి తెచ్చిన డబ్బా అది. అన్నిటికంటే పైన, నెల కిందట నేను 'ఎక్స్‌ట్రా' అని తేల్చిన క్లిప్ తళతళా మెరుస్తోంది.

వజీర్ దాన్ని వేలికి తగిలించుకుని నాకు చూపించాడు. "దొంగ దొరికిండు భాయ్," అన్నాడు.

"వజీర్ భాయ్, నేను నిన్ను..."

"తెలుసు. ఆ రోజు టైరు మీద కూచున్నప్పుడే సమజయింది. జరుగు, పైపు పట్టుకో."

పది నిమిషాల్లో క్లిప్ బిగించి, వాగు నీళ్ళు పోసి, అత్తమ్మ కొంగు ముడిలో మిగిలిన పసుపు కూడా ఇంత వేసి, జీపు నడిపాం. నీళ్ళు బానెట్ దాకా లేచాయి. అత్తమ్మ నోట్లో ప్రార్థన, నా నోట్లో ఏమీ లేదు. జీపు ఒక్కసారి మూలిగి అవతలి ఒడ్డు ఎక్కేసింది. అత్తమ్మ సమాధి మీద బంతిపూలు పరిచి చాలాసేపు అక్కడే కూచుంది. ఆయనకి ఏమేం చెప్పిందో కానీ, మధ్యలో ఒకసారి నా వైపు చెయ్యి చూపించి నవ్వింది.

ఇరవై ఏడున అన్న మాట ప్రకారం హరిలాల్ వచ్చాడు. తబితా అతనికి కేకు పెట్టి, చాయ్ ఇచ్చి, జీపు అమ్మడం లేదని చెప్పింది.

"ఆగితే ఇస్తనన్నవ్ కదమ్మా?"

"ఆగింది బండి కాదన్నా. ఆపింది మా ఆయన."

అయినా అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మా ఇంట్లో అలవాటు లేదు. నా స్పానర్ల పెట్టె ఇచ్చి పంపింది.